ద్వీపానికి సొంతవాళ్ళెవరు?

మా కాలేజీలో కొందరు విద్యార్థులు వారానికొకసారి కూడి ఏదో ఒక విషయం మీద చర్చ జరుపుకుంటూ వుంటారు. నన్నూ రమ్మంటారు. నేను చదివింది తెలుగు సాహిత్యం. జీవశాస్త్రంలో నాకున్న జ్ఞానం నలుగురూ చదివే పుస్తకాల నుంచి సంపాదించుకున్నదే. అయినా జీవపరిణామం మీద చర్చ అంటే ఆసక్తి కొద్దీ వెళ్ళాను. జంతుశాస్త్రం చదివే ఒక కుర్రవాడు హిందూ మహాసముద్రంలోని అల్డాబ్రా దీవి గురించీ, అక్కడి వింత జీవుల గురించీ చక్కగా మాట్లాడాడు. అతను కూర్చున్నాక వెనక వరసలో నుంచి ఒక అమ్మాయి లేచి ఇలా అడిగింది:

“మాస్టారూ, అల్డాబ్రాలో సైనిక విమానాశ్రయం కట్టబోతే శాస్త్రజ్ఞులు అడ్డుపడ్డారు. తాబేళ్ళు బతికినవి. అదే సముద్రంలో డియెగో గార్షియా నుంచి మనుషుల్ని వెళ్ళగొట్టి స్థావరం కట్టారు. వాళ్ళకోసం ఎవరూ అడ్డుపడలేదు. మరి ఆ శాస్త్రజ్ఞుల్ని మనం మెచ్చుకోవాలా, నిందించాలా?”

నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. “కడుపు నిండినవాడికి తాబేలు కనపడినంత బాగా మనిషి కనపడడు” అన్నాను. అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఇంటికి వస్తూ ఆలోచించుకుంటే ఆ చప్పట్లకు నాకు సిగ్గు వేసింది. నేను చెప్పింది జవాబు కాదు, విసురు. విసురు విసిరినవాడు ఆలోచించే శ్రమ తప్పించుకుంటాడు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీపడ్డ జవాబు.

ముందు విషయం తెలుసుకోవాలి. విషయం తెలియకుండా నీతి చెప్పటం మన దేశంలో పాత అలవాటు.

అల్డాబ్రా మడగాస్కర్‌కు వాయవ్యంగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో వున్న పగడపు దీవి. వలయంలా వుంటుంది, నడుమ ఉప్పునీటి మడుగు. నేలంతా సూదుల్లా పొడుచుకు వచ్చిన సున్నపురాయి. మంచినీరు అరుదు. వ్యవసాయానికి పనికిరాదు. అలా పనికిరాకపోవటమే దాని అదృష్టమైంది. నేలమీద తిరిగే రాక్షసి తాబేళ్ళు అక్కడ దాదాపు లక్ష వున్నవి. ఒకప్పుడు ఈ సముద్రంలోని చాలా దీవుల్లో అలాంటి తాబేళ్ళు వుండేవి. మారిషస్, రెయూనియన్, రోడ్రిగ్స్ దీవుల్లోని జాతులు పూర్తిగా నశించినవి. వాటిని నశింపజేసింది తుఫాను కాదు, ఓడలు. తాబేలు నెలల తరబడి తిండీ నీళ్ళూ లేకుండా బతకగలదు. గనక దాన్ని పట్టి ఓడ అడుగున పడేస్తే ప్రయాణం పొడుగునా తాజా మాంసం వున్నట్టే. ప్రాణం నిలుపుకునే ఆ శక్తే దాని ప్రాణం తీసింది. మిగిలిన అల్డాబ్రా తాబేళ్ళనైనా రక్షించమని 1874లో చార్లెస్ డార్విన్, జోసెఫ్ హుకర్ మొదలైనవారు మారిషస్ గవర్నరుకు మహజరు పంపారు.

అల్డాబ్రాలో ఇంకొక ప్రాణి వున్నది. మన చెరువుల్లోని జమ్ముకోడికి దగ్గర చుట్టం. గొంతు తెల్లగా వుంటుంది. ఎగరలేదు. హిందూ మహాసముద్రపు దీవుల్లో ఎగరలేని పక్షులు ఒకప్పుడు అనేకం వుండేవి. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. ఇది మడగాస్కర్ నుంచి ఎగిరి వచ్చిన పక్షుల సంతతి. సముద్రం దాటి ఎగిరి వచ్చిన పక్షి సంతానం ఎగరటం ఎందుకు మానింది? ఎగరాలంటే పెద్ద రొమ్ముకండరాలు కావాలి, వాటిని పోషించటానికి తిండి కావాలి. దీవి నేల మీద పిల్లి లేదు, ముంగిస లేదు, తరిమే జంతువేదీ లేదు. తప్పించుకునే అవసరం లేని చోట రెక్కల కోసం ఖర్చు పెట్టే పక్షి కన్నా కాళ్ళు గట్టిపరచుకున్న పక్షి ఎక్కువ పిల్లల్ని పెంచగలిగింది. ఇందులో దైవలీల లేదు, జమాఖర్చు వున్నది.

ఈ కథలో మరీ ఆశ్చర్యకరమైన సంగతి 2019లో బయటపడింది. సుమారు 1,36,000 ఏళ్ళ కింద సముద్రమట్టం పెరిగి అల్డాబ్రా పూర్తిగా మునిగింది. అప్పటికే అక్కడ ఎగరలేని పక్షి వుండేది. ఎగరలేనిది ఎక్కడికి పోతుంది? దీవితోపాటు పోయింది. తరవాత నీరు తగ్గి దీవి తేలింది. మడగాస్కర్ నుంచి అదే జాతి పక్షి మళ్ళీ ఎగిరి వచ్చింది, మళ్ళీ ఎగరటం మానింది. మునగక ముందటి ఎముకలనూ, తేలిన తరవాత సుమారు లక్ష ఏళ్ళ కిందటి ఎముకనూ పోల్చి చూసి జూలియన్ హ్యూమ్, డేవిడ్ మార్టిల్ అనే శాస్త్రజ్ఞులు ఈ నిర్ణయానికి వచ్చారు. ఒకే పరిస్థితి, ఒకే పూర్వికులు, రెండుసార్లు ఒకే ఫలితం. దీన్ని మించిన భౌతికవాద పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇక్కడ డోడో సంగతి చెప్పాలి. మారిషస్‌లో వుండిన ఈ పక్షి పావురం జాతిదే, పెరిగి పెద్దదై ఎగరటం మానింది. 1598లో డచ్చివారు ఆ దీవిలో దిగారు. వందేళ్ళు తిరగకుండానే డోడో లేకుండా పోయింది. ఓడల్లో వచ్చిన ఎలుకలూ పందులూ కోతులూ దాని గుడ్లను మిగల్చలేదు. మనిషిని చూసి పారిపోనందుకు దానికి మందబుద్ధి అని పేరు వచ్చింది. ఇంగ్లీషులో ఆ పేరు ఇప్పటికీ తిట్టే. చంపినవాడు చచ్చినవాడికి తెలివితక్కువతనం అంటగట్టటం చరిత్రలో కొత్త కాదు. 1835లో గాలపాగస్ దీవుల్లో డార్విన్ కొమ్మ మీది డేగను తుపాకి గొట్టంతో పక్కకు నెట్టాడు. అది తెలివితక్కువ డేగ కాదు. దానికి తుపాకి అంటే ఏమిటో తెలియదు, అంతే. శత్రువును ఎరగనివాడికి భయం వుండదు. భయం లేకపోవటం బుద్ధి లేకపోవటం కాదు.

“యోగ్యతములే మిగులుతారు” అన్న మాటను మన పాలకవర్గాల మేధావులు డార్విన్ పేర చలామణీ చేస్తూ వుంటారు. ఆ మాట పుట్టించింది హెర్బర్ట్ స్పెన్సర్, 1864లో. డార్విన్ దాన్ని తన గ్రంథపు 1869 ముద్రణలో స్వీకరించాడు. యోగ్యత అంటే ఏ పరిస్థితికి యోగ్యత? డోడో తన దీవికి పూర్తిగా యోగ్యమైనదే. పరిస్థితిని తలకిందులు చేసినవాడు నీకు యోగ్యత లేదు పొమ్మని తీర్పు చెప్పాడు. ఇది జీవశాస్త్రం కాదు, దోపిడీదారు తనకు తాను రాసుకున్న యోగ్యతాపత్రం.

ఇక మనుషుల సంగతి.

భారతదేశపు దక్షిణపు కొనకు ఇంకా దక్షిణంగా, సముద్రం నడిమధ్య చాగోస్ దీవులున్నవి. వాటిలో పెద్దది డియెగో గార్షియా. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి తోటల యజమానులు మడగాస్కర్, మొజాంబిక్ ప్రాంతాల నుంచి బానిసలను తెచ్చి అక్కడ కొబ్బరితోటలు వేయించారు. తరవాత దీవులు బ్రిటిష్‌వారి చేతికి వచ్చినవి. బానిసత్వం రద్దయ్యాక భారతదేశం నుంచి ఒప్పందపు కూలీలు వెళ్ళారు. అందరూ కలిసి ఒక ప్రజ అయినారు. తమ క్రియోల్ మాట, తమ సెగా పాట, తమ చర్చి, తమ శ్మశానం ఏర్పడినవి. వారిని ‘ఇల్వా’లన్నారు. ఆ మాటకు దీవివాళ్ళు అని అర్థం.

1965 నవంబరు 8న బ్రిటన్ మారిషస్ నుంచి చాగోస్ దీవులనూ, సీషెల్స్ నుంచి అల్డాబ్రా మొదలైన దీవులనూ విడదీసి ‘బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం’ అని ఒక కొత్త వలసను సృష్టించింది. వలసలన్నీ స్వాతంత్ర్యం పొందుతున్న రోజుల్లో పుట్టిన వలస ఇది. దేనికోసమో దాచిపెట్టవలసిన పని లేదు. సైనిక స్థావరాల కోసం. 1966 డిసెంబరు 30న ఈ దీవుల వినియోగం గురించి అమెరికాతో ఒప్పందం కుదిరింది.

అల్డాబ్రాలో బ్రిటిష్ విమానదళానికి రన్‌వే వేయాలన్నది ఒక పథకం. డేవిడ్ స్టాడర్ట్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడూ, బ్రిటన్‌లో రాయల్ సొసైటీ, అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ దాన్ని గట్టిగా వ్యతిరేకించినవి. పార్లమెంటులో టామ్ డాలియెల్ అనే సభ్యుడు ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. 1967 నవంబరులో బ్రిటన్ పౌను విలువ తగ్గించుకోవలసి వచ్చింది. ఆ ఖర్చుల కోతలో అల్డాబ్రా పథకం కొట్టుకుపోయింది. శాస్త్రజ్ఞుల వాదమూ, ఖజానా దుస్థితీ రెండూ కలిసి తాబేళ్ళను కాపాడినవనుకోవాలి. 1976లో స్వతంత్రమైన సీషెల్స్‌కు అల్డాబ్రా తిరిగి దక్కింది. 1982లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

చాగోస్‌లో ఏం జరిగింది? వైద్యానికో, చుట్టపుచూపుగానో మారిషస్ వెళ్ళినవారు 1968 నుంచి తిరుగు ప్రయాణానికి రేవుకు వస్తే, మీకు ఇక ఓడ లేదు పొమ్మన్నారు. మిగిలినవారిని 1971లో డియెగో గార్షియా నుంచీ, 1973 నాటికి తక్కిన దీవుల నుంచీ ఖాళీ చేయించారు. వారి పెంపుడు కుక్కలను కొబ్బరి ఎండబెట్టే కొట్టులో పెట్టి పొగతో చంపారు. తమ కుక్కలు అలా చావటం చూసిన మనుషులు ఓడ ఎక్కటానికి ఎందుకు మొరాయించలేదని ఎవరూ అడగనక్కరలేదు. దాదాపు 1500 నుంచి 2000 మంది మారిషస్, సీషెల్స్ దీవుల రేవుల్లో దిగి, చాలామంది పోర్ట్ లూయీ మురికివాడల్లో తేలారు.

ఈ పని చేసినవాళ్ళ మనసు ఎలాంటిదో వాళ్ళ కాగితాలే చెబుతున్నవి. 1966లో బ్రిటిష్ విదేశాంగశాఖలో ఒక పెద్ద అధికారి, ఆ దీవుల్లో సముద్రపు కాకులు తప్ప స్థానిక జనాభా వుండదనీ, ఆ పక్షులకు ఇంకా కమిటీ ఏదీ లేదనీ హాస్యంగా రాశాడు. దానికి ఇంకొక అధికారి, దురదృష్టవశాత్తు ఆ పక్షులతోపాటు ఎక్కడివాళ్ళో తెలియని కొందరు టార్జాన్‌లూ ఫ్రైడేలూ వున్నారని జవాబు రాశాడు. బయటి ప్రపంచానికి మాత్రం, అక్కడ స్థానికులు లేరు, వున్నది తాత్కాలికపు కంట్రాక్టు కూలీలేనని చెప్పారు. ఈ ‘స్థానికులు లేరు’ అన్న మాట మీదనే మొత్తం అన్యాయం నిలబడి వున్నది. ఈ మాటను పాఠకులు జ్ఞాపకం వుంచుకోవాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను.

మొదట నా విసురు సంగతి. తాబేళ్ళను కాపాడినందువల్లనే మనుషులకు ఆపద వచ్చిందన్నట్టు నేను ధ్వనింపజేశాను. అది నిజం కాదు. అల్డాబ్రా పథకం పోకముందే డియెగో గార్షియా మీద అమెరికా నౌకాదళం కన్ను పడింది. రెండు పథకాలూ ఒకే బల్ల మీద తయారైనవి. తాబేలు మనిషి చోటు లాక్కోలేదు. ఇద్దరి చోటూ లాక్కున్నది ఒకే చెయ్యి. మూడు శతాబ్దాల కింద తాబేళ్ళను ఓడ అడుగున పడేసినదీ, బానిసలను ఓడ అడుగున పడేసినదీ ఒకే వ్యాపారం. ఈ సంగతి తెలిసిన మనం “పక్షుల గోల కడుపు నిండినవాళ్ళది” అని ఎగతాళి చేస్తే శత్రువుకు మనమే సాయం చేసినట్టు. అల్డాబ్రా కోసం పోరాడిన శాస్త్రజ్ఞులు మంచి పనే చేశారు. ఇది నేను ఇప్పుడు సూటిగా ఒప్పుకుంటున్నాను.

అయితే వాళ్ళు ఏ వాదంతో గెలిచారో అది పరీక్షించాలి. అల్డాబ్రా లాంటిది ప్రపంచంలో మరొకటి లేదు, పోతే తిరిగి రాదు, గనక కాపాడాలి అన్నారు. అంటే అరుదైనదానికి విలువ. ఈ వాదం తాబేలుకు పనికివచ్చింది. కాని దీన్నే నీతికి కొలబద్దగా తీసుకుంటే ఏమవుతుంది? మనుషులు భూమి మీద కోట్ల కోట్లు. మనిషి అరుదైన ప్రాణి కాదు. వెయ్యిన్నర మంది కొబ్బరితోట కూలీలు ఏ మ్యూజియానికీ అక్కరలేదు. అరుదుతనం నాణాలు పోగుచేసేవాడి కొలబద్ద, వ్యాపారి కొలబద్ద. దానితో ప్రాణుల విలువ కట్టినప్పుడు చివరికి పేదవాడే చవక సరుకుగా తేలుతాడు. తాబేలును కాపాడవలసింది అది అరుదైనందుకు మాత్రమే కాదు. దానికి ఒక బతుకున్నది, ఆ బతుకును కారణం లేకుండా తుడిచిపెట్టే హక్కు మనకు లేదు. ఈ కారణం చెబితే తాబేలుకూ వర్తిస్తుంది, మనిషికీ వర్తిస్తుంది.

రెండో కొలబద్ద స్థానికత. బ్రిటిష్ అధికారులు వాడింది దీన్నే. మీరు ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు గనక ఇక్కడివాళ్ళు కారు అన్నారు. ఈ వాదాన్ని కూల్చటానికి నాకు అల్డాబ్రా పక్షి కన్నా మంచి సాక్షి దొరకలేదు. ఆ పక్షి ఎక్కడినుంచి వచ్చింది? మడగాస్కర్ నుంచి. తాబేలు? దాని పూర్వికులు కూడా సముద్రం మీద తేలుతూ మడగాస్కర్ నుంచి వచ్చినవే. సముద్రంలో నుంచి లేచిన దీవిలో అందరూ వచ్చినవాళ్ళే, మొలిచినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆ పక్షిని ఏ శాస్త్రజ్ఞుడూ పరాయిది అనడు. ఎందుకు? దీవి దాన్ని మార్చింది. రెక్కలు తీసుకుని కాళ్ళిచ్చింది. స్థానికత అంటే పుట్టుమచ్చ కాదు. చోటుకూ బతుకుకూ మధ్య కాలక్రమాన ఏర్పడిన సంబంధం. మడగాస్కర్ నుంచే వచ్చిన బానిస మనుమడు, కోరమాండల్ తీరం నుంచి వచ్చిన కూలీ మనుమరాలు, ఆ దీవి భాషలో ఏడ్చి ఆ దీవి పాట పాడుకుని తాతను ఆ దీవి మట్టిలో పాతిపెట్టినవాళ్ళు, వీళ్ళ స్థానికతకు ఇంకా ఏ సాక్ష్యం కావాలి? మన కోరంగి రేవు నుంచి మారిషస్ చెరుకుతోటలకు వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ ‘కోరింగీలు’ అన్నారు. ఈనాడు వాళ్ళ మునిమనుమలను పరాయివాళ్ళు పొమ్మంటే మనం ఊరుకుంటామా? పక్షికి ఇచ్చిన న్యాయం మనిషికి ఇవ్వకపోవటంలోనే వుంది అసలు మోసం.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఎవరైనా నన్ను ఆపుతాడు. “మాస్టారూ, అల్డాబ్రాలో మేకలు కూడా వుండేవి గదా! ఓడలవాళ్ళు 19వ శతాబ్దంలో వదిలినవి. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవి. వాటిని 2012 నాటికి ఒక్కటి కూడా మిగలకుండా చంపారు. మీ లెక్కన మేకలూ స్థానికులే కావాలి!”

ఇది దాటవేయదగ్గ ప్రశ్న కాదు. మేకలు తాబేళ్ళ మేత తిన్నవి, నీడనిచ్చే పొదలు కొరికినవి. మిట్టమధ్యాహ్నం నీడ దొరక్కపోతే తాబేలు ఎండకు ఉడికి చస్తుంది. మేకలను వుంచటమా, తాబేళ్ళను వుంచటమా అన్న పరిస్థితి వచ్చింది. చంపారు. మేకకు ఏ నేరమూ లేదు. నేరం వదిలినవాడిది, శిక్ష మేకది. ఆ నిర్ణయం తప్పని నేను అనను. కాని దాన్ని సంతోషంగా చెప్పుకునేవాడితో నేను చెయ్యి కలపలేను. ప్రకృతి ఈ విషయంలో తీర్పు చెప్పదు. ఎవరు వుండాలి, ఎవరు పోవాలి అని జీవపరిణామ శాస్త్రంలో ఎక్కడా రాసి లేదు. ఏమి చేస్తే ఏమి జరుగుతుందో శాస్త్రం చెబుతుంది, ఏమి చెయ్యాలో మనమే తేల్చుకోవాలి. స్పెన్సర్ శిష్యులు చేసిన తప్పు ఈ రెంటినీ కలిపేయటమే. పక్షి ఉదాహరణతో నేను చేసింది ‘స్థానికులు లేరు’ అన్న అబద్ధాన్ని బద్దలుకొట్టటం వరకే. చాగోస్ ప్రజలకు హక్కు ఎక్కడినుంచి వచ్చింది అంటే పక్షి నుంచి కాదు.

మరి ఎక్కడినుంచి? మేకకూ మనిషికీ వున్న భేదంలోనుంచి. మేకను మనం అడగలేము. అడిగినా అది చెప్పలేదు. గనక దాని విషయంలో ఎవరో ఒకరు మంచీచెడ్డా ఆలోచించి, ఆ నిర్ణయపు బరువు నెత్తిన వేసుకోవాలి. మనిషిని అడగవచ్చు. మనిషి చెప్పగలడు. అడగగలిగి అడగకపోవటం మనిషిని మేకను చేయటం. చాగోస్ ప్రజలు చెప్పలేదా? 1975లో వారు పోర్ట్ లూయీలోని బ్రిటిష్ హైకమిషన్‌కు మహజరు ఇచ్చారు. లిసెట్ తలాత్, షార్లెసియా అలెక్సిస్ వంటి స్త్రీలు వీధుల్లోకి వచ్చారు, నిరాహారదీక్షలు చేశారు. ఒలివియే బాంకూల్ట్ 2000లో లండన్ హైకోర్టులో దావా గెలిచాడు. 2004లో ప్రభుత్వం రాణి పేర ఉత్తర్వులు తెచ్చి ఆ గెలుపును రద్దు చేసింది. 2008లో ప్రభువుల సభ న్యాయమూర్తుల్లో ముగ్గురు ప్రభుత్వం పక్షాన, ఇద్దరు ప్రజల పక్షాన నిలిచారు. నోరు లేని తాబేలుకు నోరున్నవాళ్ళు దొరికారు. నోరున్నవాళ్ళ మాట వినటానికి చెవి వున్నవాడు దొరకలేదు.

ఆ తరవాత జరిగింది చూడండి. 1966లో పక్షులకు కమిటీ లేదని నవ్విన ప్రభుత్వమే 2010 ఏప్రిల్ 1న పక్షులకూ చేపలకూ పగడాలకూ కమిటీ ఏర్పాటు చేసినంత పని చేసింది. చాగోస్ చుట్టూ 5 లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన సముద్రాన్ని రక్షితప్రాంతంగా ప్రకటించింది. డియెగో గార్షియా స్థావరాన్ని మాత్రం ఆ కట్టుబాట్ల నుంచి మినహాయించింది. అంతకు ముందటి సంవత్సరం ఒక బ్రిటిష్ అధికారి అమెరికా దౌత్యాధికారులతో, ఈ రక్షితప్రాంతం వస్తే తిరిగి వస్తామనే దీవివాసుల కోరిక ఆచరణలో అసాధ్యమవుతుందని చెప్పాడట. ఆ సంభాషణ నివేదిక 2010 డిసెంబరులో వికీలీక్స్ ద్వారా బయటపడింది. బాంబర్ విమానాలు దిగవచ్చు, చేపకు ఇబ్బంది లేదు. తాత సమాధి మీద పువ్వు పెట్టటానికి వచ్చే ముసలమ్మ వల్ల ప్రకృతికి హాని! 

ఇది విని మళ్ళీ నా పాత విసురుకు తిరిగిపోవటం సులువు. “చూశారా, ప్రకృతి రక్షణ అంతా బూటకం” అనవచ్చు. ఆ మాట అనకూడదు. చాగోస్ సముద్రం గురించి శాస్త్రజ్ఞులు చెప్పింది అబద్ధం కాదు. 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఎలుకలు లేని దీవుల్లో సముద్రపక్షుల సాంద్రత ఎలుకలున్న దీవుల కన్నా 760 రెట్లు ఎక్కువని తేలింది. ఆ పక్షుల రెట్ట వానకు కొట్టుకుపోయి సముద్రంలో కలిసి పగడాల పక్కన చేపలకు బలమవుతున్నది; అక్కడ చేపల మొత్తపు బరువు 48 శాతం ఎక్కువ. ఎలుక గుడ్డు తింటే సముద్రంలో చేప చిక్కుతుంది! ప్రపంచంలో దేనికది విడిగా లేదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఇంకొక నిజం కూడా దాచకూడదు. ఆ ఎలుకలు వచ్చింది మనుషుల ఓడల్లోనే. ఆ దీవుల సొంత చెట్లు పోయింది కొబ్బరితోటల కోసమే. తోట వేయించింది యజమాని, కూలి చేసినవాడు కాదు అనవచ్చు. అది నిజమే. కాని గొడ్డలి పట్టిన చెయ్యి కూలివాడిదే. పీడితుడు చేసిన ప్రతి పనీ ప్రకృతికి మేలే చేస్తుందనే భ్రమ మనకు అక్కరలేదు. పీడితుడికి హక్కు వుండటానికి అతను దేవత కానక్కరలేదు.

గనక సత్యం ఒకటి, దాని వినియోగం ఒకటి. పక్షి రెట్ట వల్ల పగడం బతుకుతుందన్నది సత్యం. గనక మనిషి రాకూడదన్నది రాజకీయం. ఎలుకలను తొలగించటానికి ఆ దీవి బిడ్డల కన్నా ఎక్కువ శ్రద్ధ ఎవరికి వుంటుంది? రండి, ఈ దీవి ఇలా వుంది, ఏమి చేద్దాం అని వాళ్ళను అడిగి చూశాక కదా వాళ్ళు పనికిరారని తీర్పు చెప్పాలి! రక్షితప్రాంతం ప్రకటించిన తీరు సముద్ర చట్టాలకు విరుద్ధమని 2015లో అంతర్జాతీయ మధ్యవర్తి న్యాయస్థానం తేల్చింది. మారిషస్ నుంచి చాగోస్‌ను విడదీయటమే చట్టవిరుద్ధమని 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ప్రభుత్వాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేసినవి. దీవులు మారిషస్‌వని అందులో రాశారు. డియెగో గార్షియా స్థావరం మాత్రం 99 ఏళ్ళ పాటు వుంటుందనీ రాశారు. తిరిగి వెళ్ళి నివసించే అవకాశం తక్కిన దీవులకే. ఈ ఒప్పందం మాతో మాట్లాడి చేసింది కాదని చాగోస్ ప్రజల్లో చాలామంది నిరసన తెలిపారు. ఈసారి కూడా వాళ్ళ గురించి మాట్లాడుకున్నది రెండు ప్రభుత్వాలే.

నాకు అర్థమైన నీతి ఇది. నోరు లేనివాడికి వకీలు కావాలి. తాబేలు తరఫున మహజరు రాసిన డార్విన్ చేసింది సరైన పని, అల్డాబ్రా తరఫున వాదించిన స్టాడర్ట్ చేసింది సరైన పని. కాని నోరున్నవాడు ఎదురుగా నిలబడి మాట్లాడుతూ వుండగా అతన్ని పక్కకు నెట్టి అతని తరఫున, అతని దీవి తరఫున, అతని చేపల తరఫున మాట్లాడేవాడు వకీలు కాదు, దొర. మొదటివాడి పని రెండోవాడికి సాకు కాకుండా చూడటమే మన బాధ్యత. పక్షిని ప్రేమించేవాడు, ఆ ప్రేమను ఎవరు ఏ పనికి వాడుకుంటున్నారో కూడా చూసుకోవాలి. మనిషిని ప్రేమించేవాడు, పక్షిని వెక్కిరించి తన ప్రేమను రుజువు చేసుకోనక్కరలేదు.

ఈ మాట పరాయిదేశపు అధికారుల మీదికి తోసి చేతులు దులుపుకోవటం నాకు ఇష్టం లేదు. అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనమూ ప్రజల తరఫున మాట్లాడటం అలవాటు చేసుకున్నవాళ్ళమే. నోరు లేనివారికి నోరు అవుతున్నామని సభల్లో చెప్పుకుంటాము. ప్రజలు తాబేళ్ళు కారు. వాళ్ళకు నోరున్నది, వాళ్ళు మాట్లాడుతూనే వున్నారు. వాళ్ళను అడిగి రాసింది ఎంత, అడగకుండా వాళ్ళ పేర మనం రాసింది ఎంత అని లెక్క చూసుకుంటే మనలో చాలామందికి తల వంచుకోవలసి వస్తుంది. ఆ రోజు నేను విసిరిన విసురు కూడా అలాంటిదే. చాగోస్ ప్రజల పేరు చెప్పి చప్పట్లు నేను తీసుకున్నాను.

వచ్చే వారం చర్చకు వెళ్ళి ఆ అమ్మాయికి ఈ సంగతే చెప్పాలనుకుంటున్నాను. శాస్త్రజ్ఞులను మెచ్చుకోవాలమ్మా, కాని వాళ్ళ దగ్గరే ఆగిపోకూడదు. నన్ను మాత్రం నువ్వు మెచ్చుకోనక్కరలేదు. అందరూ నవ్విన రోజున నవ్వకుండా కూర్చున్నది నువ్వొక్కదానివే.